మేకుతో గీసిన గుర్తులు

నా చిన్నప్పుడు మా అమ్మకి సముద్రం పేరెత్తితే గిట్టేది కాదు. మేముండే వాయిలేవు లైన్లకి సముద్రం మరీ దూరమేమీ కాదు, గాలి అటు నుంచి వీస్తే చెరకు వాసనలో ఉప్పు వాసన కలిసి వచ్చేది. మద్రాసు నుంచి ఫిజీ దాకా ఆ నీళ్ళ మీద ఏడుస్తూనే వచ్చిందట, ఇంక దాని మొహం చూడాల్సిన పని తనకి లేదనేది. నాకేమో అదే పిచ్చి. ఆదివారం వచ్చిందంటే పీతలు పడతానని చెప్పి మడ చెట్ల వైపు పరిగెత్తేదాన్ని. ఇప్పుడు నా కాళ్ళు గుమ్మం దాటడానికే బతిమాలించుకుంటున్నాయి గాని, అప్పట్లో వాటిని ఆపడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

ఈ సంగతి మా మనవలకి హిందీలోనే చెప్తుంటాను, వాళ్ళకి నోరు తిరిగేది అదే. వాళ్ళు బాగానే వింటారు. కాని ఇది జరిగింది తెలుగులో, ఏడ్చిందీ నవ్విందీ తెలుగులో. హిందీలో చెప్పినప్పుడల్లా ఉప్పు వేయని పప్పు వడ్డించినట్టు ఉంటుంది నాకు.

అవి గిరిమిట్టు రోజులు. అయిదేళ్ళు చెరకు తోటలో పనిచేస్తామని వేలిముద్ర వేసి వచ్చినవాళ్ళం మేమంతా. నేను వెయ్యలేదనుకోండి, రెండేళ్ళ పిల్లగా అమ్మ చంకన వచ్చాను. లైన్లంటే వరసగా కట్టిన రేకుల గదులు. ఒక గదిలో దగ్గితే నాలుగో గదిలో నిద్ర లేచేవారు. మా పక్క గదిలో ఒక ముసలాయన ఉండేవాడు. మీసాలకి మసి పూసుకుని, వయసు దాచి ఓడెక్కేశాడని అందరూ ఆటపట్టించేవారు. ఆయన మాకు రక్తసంబంధం కాదు, కులమూ వేరు. కాని మేమూ ఆయనా ఒకే జహాజులో, అంటే ఒకే ఓడలో వచ్చాం. ఇక్కడ అంతకంటే చుట్టరికం ఇంకోటి లేదు. మా అమ్మ ఆయన్ని చిన్నాన్నా అని పిలిచేది, నాకు ఆయన జహాజీ తాత.

తాత ఊళ్ళో చాకలి. నాలుగు ఊళ్ళ బట్టలు ఒకే రేవులో ఉతికినా ఒకరి పంచె ఇంకొకరి ఇంటికి పోకుండా, జీడిగింజ రసంతో ఇంటికొక గుర్తు పెట్టేవాడట. ఆ విద్యే ఓడలో పనికొచ్చింది. ఓడ ఎక్కగానే ఒక్కొక్కరికీ ఒక రేకు పళ్ళెం, ఒక లోటా ఇచ్చారట. అన్నీ ఒకేలా ఉండేవి, ఒకే తొట్టిలో కడిగేవారు. ఇంక చూసుకోండి గొడవ! నా పళ్ళెంలో నువ్వు తిన్నావంటే నువ్వు తిన్నావని, ఎంగిలి కలిసిపోయిందని, మా ఓడ మద్రాసు రేవు కనుమరుగు కాకముందే జుట్లు పట్టుకున్నారట. అప్పుడు తాత ఒక మేకు సంపాదించి, ఓడలో ఉన్న తెలుగువాళ్ళందరి పళ్ళేల మీదా మనిషికొక గుర్తు గీసి పెట్టాడు. అది చూసి అరవం వాళ్ళు, మలయాళం వాళ్ళు కూడా వరస కట్టారట. మా తర్వాత ఓడల్లో వచ్చినవాళ్ళ పళ్ళేలూ లైన్లలో చూశాను, ఎవరు గీసుకున్నారో గాని వాటి మీదా గీతలుండేవి. ఎంగిలి భయం ఏ ఓడలోనైనా ఒకటే కదా. మా నాన్న పళ్ళెం మీద నిచ్చెన ఉండేది, మా అమ్మ పళ్ళెం మీద అరచేతిలో గోరింటాకు పెట్టుకున్నట్టు మధ్యన ఒక చుక్క, చుట్టూ చుక్కలు. నాకు విడిగా పళ్ళెం లేదు. అమ్మ పళ్ళెంలోనే ఒక పక్కన తినేదాన్ని. అది నాకు పెద్ద లోటుగా ఉండేది.

నాకు ఏడో ఏడు నడుస్తుండగా మా అమ్మ మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. కొత్తగా తోటకి వచ్చిన ఒకామె, మా మేనమామని, కూలీలని ఓడ ఎక్కించే దాకా ఉంచే మద్రాసు డిపోలో చూశానని చెప్పింది. అమ్మ తమ్ముడు. తల్లి లేని పిల్లాణ్ణి అమ్మే ఎత్తుకుని పెంచిందట. తర్వాతి ఓడకి అతని పేరు రాసుకున్నారట. ఆ కబురు విన్న దగ్గర నుంచి అమ్మకి చెరకు కొట్టినా చేతులు నొప్పి పుట్టేవి కావు. ఓడ దిగినవాళ్ళని సువా దగ్గర దీవిలో విడదీసి, చిన్న ఓడల్లో మా వైపున్న లంబాసా రేవుకి తెచ్చేవారు. తమ్ముణ్ణి మా తోటకే పంపాలని అమ్మ తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది, తెలియని వాళ్ళకి కూడా.

ఆ తర్వాత గాలివాన వచ్చింది. అది వెలిసిన కొన్నాళ్ళకి, లంబాసాకి వస్తున్న ఓడ ఒకటి పగడపు దిబ్బకి కొట్టుకుని బద్దలైందని లైన్లలో గుసగుస మొదలైంది. కూలీల ఓడేనని ఒకరు, కాదని ఒకరు. తోట దొరని అడిగితే పని చూసుకోమన్నాడు. మా చేత పని చేయించే సర్దారుకి తెలియదు, తెలియదని ఒప్పుకోవడం మాత్రం అతనికి చేతకాదు, అందుకని తల ఊపి ఊరుకున్నాడు. సరిగ్గా ఆ ఆదివారమే మడ చెట్ల వేళ్ళ మధ్య నాకొక రేకు పళ్ళెం దొరికింది. నాకొక పళ్ళెం! ఎగురుకుంటూ ఇంటికి తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాను.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఓడలో ఇచ్చే పళ్ళెమే, అదే అంచు, అదే లోతు. ఆమె ఏడవలేదు. పళ్ళేన్ని గోడకి ఆనించి పెట్టి, పొయ్యి మీద ఉడుకుతున్న కుండ దించేసి, నీళ్ళు పోసి నిప్పు ఆర్పేసింది. ఆ పూట మేం తినలేదు, తర్వాత కూడా తాత తెచ్చి పెట్టిందే తిన్నాం. ఆ వారమంతా ఆమె పనికి వెళ్ళడం, రావడం, గోడకేసి తిరిగి పడుకోవడం తప్ప నోరు విప్పలేదు. మా నాన్నని ఆ సీజనుకి లంబాసా మిల్లు పనిలో వేశారు, ఇంట్లో నేనూ అమ్మా మాత్రమే. నాకు భయం వేసింది. బతికి ఉన్న మనిషి పక్కనే ఉండి కూడా లేనట్టు ఉంటే ఎంత భయమో అప్పుడు తెలిసింది.

వారం చివర అమ్మ తాత దగ్గరికి వెళ్ళి, నా తమ్ముడికి నువ్వులూ నీళ్ళూ వదలమని అడిగింది. మా దగ్గర పంతులు లేడు, మగదిక్కంటే ఆయనే. తాత చాలాసేపు మీసాలు దువ్వుకున్నాడు. తర్వాత, "వదుల్తానమ్మా. గాని పోయిన సోటే వదలాల. ఇక్కడ వదిలితే ఆడికి సేరవు" అన్నాడు. సముద్రం మొహం చూడనన్న మా అమ్మ వెంటనే సరేనంది. అటువంటి శాస్త్రం ఎక్కడా లేదని, అమ్మని ఓడ దాకా తీసుకుపోవడానికి అప్పటికప్పుడు కల్పించానని, చాలా ఏళ్ళ తర్వాత నవ్వుతూ నాతో చెప్పాడు.

ఆదివారం పొద్దున్నే అమ్మ అన్నం వండింది. ఆ వారంలో మా ఇంట్లో పొగ లేచింది అదే. అన్నం ఆకులో కట్టి, నువ్వులు కొంగున ముడి వేసి, చెంబుతో మంచినీళ్ళు పట్టుకుంది. నన్ను వద్దంది, తాత రానిమ్మన్నాడు. రేవు దగ్గర ఒక ముసలి ఫిజీ జాలరి ఉండేవాడు, తాతకి చేపల బేరంలో స్నేహితుడు. ఆ దిబ్బ వాళ్ళ ఊరిది, అడగకుండా కాలు పెట్టకూడదు. తాత వాళ్ళు మర్యాదకి దంచి కలుపుకుని తాగే యంగోనా వేరు ఒకటి రెండు చేతులా పట్టుకుని ఆయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని తాకి, ఒప్పుకున్నట్టు మెల్లగా చప్పట్లు చరిచి, తన పడవ ఎక్కమన్నాడు. ఆయనకి వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, "జహాజ్ ఖాలీ. ఆద్మీ నహీ" అన్నాడు. ఓడ ఖాళీ, మనుషులు లేరని. అది విని, అందరూ పోయారనుకుని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తాత మాత్రం, ఖాళీయా, అని తనలో తాను అనుకున్నాడు.

ఆటు మీద నీళ్ళు వెనక్కి తీసేసరికి దిబ్బ బయటపడింది, దాని మీద ఓడ. నేను అంత పెద్ద వస్తువు పడిపోయి ఉండటం అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఎద్దు పక్కకి ఒరిగి పడుకున్నట్టు పడుకుంది. తెరచాప కొయ్యలు విరిగి తాళ్ళకి వేలాడుతున్నాయి. పొట్ట దగ్గర మనిషి పట్టేంత కన్నం. నిజం చెప్పాలి, నాకు మేనమామ గుర్తుకు రాలేదు. అందులో ఏముందో చూడాలని ఒకటే ఆత్రం. పగడపు రాళ్ళు కోసుకోకుండా కాళ్ళకి గోనెగుడ్డ చుట్టుకుని దిబ్బ మీద నడిచాం.

కన్నం దగ్గర అమ్మ ఆగిపోయింది. ఇక్కడే వదిలేద్దాం చిన్నాన్నా, లోపలికి రాలేనంది. ఆమె ఏం చూస్తానని భయపడుతోందో నాకిప్పుడు తెలుసు. తాత ఆమెని బలవంతపెట్టలేదు. నా చెయ్యి పట్టుకుని లోపలికి దూరాడు. నేల గోడయింది, గోడ నేలయింది. పైన పలకల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో చిన్న చిన్న చేపలు తిరుగుతున్నాయి. నేను అది చూడు తాతా, ఇది చూడు తాతా అని అరుస్తుంటే ఆయన నన్ను ఆపి, "గుంటా, ఇక్కడ ఏటున్నాదో నాకు సెప్పకు. ఏటి నేదో సెప్పు" అన్నాడు.

అది ఏం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. లేనిదాన్ని ఎలా చూస్తారు? అయినా ఆయన మాట కోసం చూడటం మొదలుపెట్టాను. మనం వచ్చిన ఓడలో మనం ఎక్కడ పడుకునేవాళ్ళమని అడిగాడు. నాకు గుర్తు లేదు గాని అమ్మ చెప్పగా విన్నాను, అల్మరా అరల్లాగా పైనా కిందా చెక్కలుండేవట. ఇక్కడ అరలు లేవు. ఉత్త పెద్ద గది. మరి ఆడవాళ్ళ వైపుకీ మగవాళ్ళ వైపుకీ మధ్య అడ్డమో? అదీ లేదు. అప్పుడు నా కాలికి ఏదో గట్టిగా తగిలింది. పగిలిన చెక్కపెట్టె. లోపల రేకు పళ్ళేలు, ఒకదానిలో ఒకటి దూర్చి, మధ్య మధ్య ఎండుగడ్డి పెట్టి. నా పళ్ళెం లాంటివే, ఎన్నో. ఉప్పునీటికి కొన్ని తుప్పు పట్టి అంటుకుపోయాయి. అలాంటి పెట్టెలు ఆ మూలంతా ఉన్నాయి.

తాత పళ్ళెం తర్వాత పళ్ళెం తీసి ఇసకతో తోమి ఎండకి పెట్టి చూశాడు. నా చేతికీ ఇచ్చాడు. గీత లేదు. చుక్క లేదు. నిచ్చెనలు, చేపలు, త్రిశూలాలు, ఏవీ లేవు. నాకు ఒక్కసారిగా వెలిగింది. "తాతా! గుర్తుల్లేవు!" అని కేకపెట్టాను. ఆ కేక బోలు ఓడలో మోగింది. ఇంత మంది తిన్న పళ్ళేలైతే జుట్లు పట్టుకోకుండా ఉంటారా? ఇవి ఎవరూ తినని పళ్ళేలు, ఏ దుకాణానికో పోతున్న సరుకు.

కేక విని అమ్మ లోపలికి వచ్చేసింది. తాత ఆమెకి ఒక పళ్ళెం అందించాడు. ఆమె దాన్ని తిప్పి చూసింది. ఇంకోటి తీసింది. తర్వాత మా చేతుల్లోవి కూడా లాక్కుని చూసింది. పెట్టెలన్నీ తెరిచింది. అప్పటికీ నమ్మక, ఒరిగిన మెట్లు పట్టుకుని పైకి పాకి వంటగది వెతికింది. నమ్మడానికి ఆమెకి తన లెక్క ఒకటి కావాలి. అక్కడ ఇనప పొయ్యి ఒకటే ఉంది, చిన్నది, దాని పక్కన మా ఇంట్లో ఉన్నంత కుండ. అమ్మ దాని ముందు నిలబడి, "ఈ పొయ్యి మీద ఓడెడు మందికి ఒండుతారేటి సిన్నాన్నా?" అంది. అంటూనే నవ్వింది. నవ్వుతూ కూలబడి ఏడ్చింది. వారం రోజులుగా రాని ఏడుపు. నేనూ ఏడ్చాను, ఎందుకో తెలియదు, ఆమె గొంతు మళ్ళీ విన్నందుకేమో. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ ఎక్కువసార్లు కలగలేదు.

ఇక్కడితో అయిపోతే ఇది మా అమ్మ కథ. మేమిద్దరం కళ్ళు తుడుచుకుని, పదండి పోదాం, మనవాళ్ళు కాదు, మనవాళ్ళెవరూ కాదు అని ఒకటే సంబరపడుతున్నాం. తాత కదలలేదు. పొయ్యి పక్క గదిలో ఒరిగిన మంచం కింద ఏదో లాగుతున్నాడు. తడిసి బురద పట్టిన ఒక చొక్కా. దాని మెడ పట్టీ లోపలికి తిప్పి, బొటనవేలితో రుద్ది, మాకు చూపించాడు. ఎర్ర దారంతో చిన్నగా కుట్టిన గుర్తు ఉంది అక్కడ. అక్షరమో, బొమ్మో మాకు తెలియదు. తాత దాన్ని చదవలేకపోయినా, అది ఏమిటో ఆయనకి బాగా తెలుసు. బతుకంతా అటువంటివే చూశాడు. "గుర్తుందంటే దానెనకాల ఒక మనిసున్నట్టే. ఎవులో ఆడకూతురు కుట్టుంటాది" అన్నాడు.

మా నవ్వు ఆగిపోయింది. అప్పటి దాకా మాకు అది కూలీల ఓడా కాదా అన్నదే. ఆ గదిలో కూడా మనుషులు పడుకున్నారని, వాళ్ళకీ ఎక్కడో ఒక అక్క ఉంటుందని తోచలేదు. అమ్మ చొక్కాని చేతిలోకి తీసుకుని ఆ కుట్టు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత కొంగు ముడి విప్పబోయింది, తమ్ముడికని తెచ్చిన నువ్వులు వాళ్ళకైనా వదుల్దామని. తాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఓడ పక్కకి చూపించాడు. చిన్న పడవని కిందికి దించే తాళ్ళు నీళ్ళ దాకా వేలాడుతున్నాయి, పడవ లేదు. "నువ్వులు మూట కట్టీ. ఆళ్ళు తప్పించుకున్నారేమో, మనకేటి తెలుసు? బతికున్నోడికి నువ్వులొదలకూడదు. బువ్వ మాత్రం ఎట్టీ" అన్నాడు.

అమ్మ ఆకు విప్పి అన్నం ఆ ఒరిగిన పలకల మీద పెట్టింది. చెంబులో మంచినీళ్ళు పక్కన పోసింది. ఎవరికి ఆకలైతే వాళ్ళు తింటారని తాత అన్నాడు. చేపలు తింటాయని నాకు తెలుసు. మాతో వచ్చిన ఫిజీ ముసలాయన దిబ్బ మీద నిలబడి ఇదంతా చూసి, తల మీది ఆకుల టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చొక్కాని తాత ఇంటికి తెచ్చి, ఉప్పంతా పోయేలా మూడు నీళ్ళలో జాడించి, గంజి పెట్టి, మడత పెట్టి దాచాడు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఉతకని బట్ట ఇవ్వడం తన వృత్తికి చిన్నతనమట.

ఆ తర్వాత తాతకీ నాకూ ఆదివారాలన్నీ ఆ ఓడతోనే గడిచాయి. అది ఎటు నుంచి వచ్చింది, ఏ పక్క ముందు తగిలింది, చుక్కాని ఎందుకు అటు తిరిగి ఉంది, ఒకటేమిటి! నేను ఒకటనేదాన్ని, తాత ఒకటనేవాడు, ఇద్దరం పోట్లాడుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం. ఒకనాడు పలకల మధ్య ఇరుక్కున్న కొబ్బరి చిప్పలు చూసి, ఇది వెళ్ళేటప్పుడు ఎండుకొబ్బరి మోసుకుపోయే ఓడ అని నేను ముందు కనిపెట్టాను. తాత ఆ ముక్క లైన్లలో అందరికీ చెప్పి నన్ను ఆకాశానికెత్తాడు. చివరికి ఇంకో గాలివాన ఓడని ముక్కలు చేసి పట్టుకుపోయింది. నేను తిండి మానేసి ఏడిస్తే, దాని కాలం తీరిపోయింది పోనీ అని అమ్మ మందలించింది. మనవాళ్ళెవరో చనిపోయినట్టు ఏడుస్తున్నావేమిటని కూడా అంది. నాకు అలాగే ఉంది మరి.

మా మేనమామ సంగతి చెప్పలేదు కదూ. ఆయన ఆ తర్వాతి ఓడలోనూ రాలేదు, దాని తర్వాత దాంట్లోనూ రాలేదు. చాన్నాళ్ళకి మా ఊరి వైపు మనిషి ఒకడు తోటకి వచ్చి చెప్పాడు. మద్రాసు డిపోలో డాక్టరు పరీక్ష చేసి, ఇంత బక్కవాడు చెరకు నరకలేడని తిప్పి పంపేశాడట. ఊరికి పోయి, పెళ్ళి చేసుకుని, పొట్ట కూడా పెంచాడట. అమ్మ ఆ సాయంత్రమంతా వాణ్ణి తిట్టింది. ఇంత ఏడిపించాడని, అంత దూరం వెళ్ళి ఓడ ఎక్కలేకపోయాడని, తినమంటే తినేవాడు కాదని. తిడుతూ తిడుతూ నా పళ్ళెంలో వడ్డిస్తూనే ఉంది, నేను చాలు చాలంటున్నా వినదు. బతికి ఉన్న తమ్ముణ్ణి తిట్టుకోవడం ఎంత భోగమో ఆమె మొహంలో చూశాను. ఆ రోజు నువ్వులు వదిలేసి ఉంటే ఆ తిట్లు ఆమె నోటికి వచ్చేవి కావు.

తాత పోయి ఎన్నో ఏళ్ళయింది, అమ్మా పోయింది. నాకు కష్టకాలాలు రాకపోలేదు. మనుషులు చెప్పాపెట్టకుండా ఇంటికి ఆలస్యమైన రాత్రులున్నాయి, ఊళ్ళో వాళ్ళు ముందే ఏడుపు అందుకున్న సందర్భాలున్నాయి. ముందు వెళ్ళి చూసొస్తానని నేను బయల్దేరేదాన్ని. కొన్నిసార్లు చూసొచ్చి ఏడ్చాను కూడా. కాని చూడకుండా ఏడవలేదు.

ఇప్పుడు మా మనవడు రేడియో పెడుతుంటాడు. ఎక్కడో ఓడ మునిగిందని, జాలరి పడవ తిరిగి రాలేదని వార్త వస్తే ఇంట్లో అందరూ ఒక్క క్షణం ఊపిరి బిగపడతారు. మనవాళ్ళెవరూ అందులో లేరని తెలిస్తే ఎవరి పనిలో వాళ్ళు పడతారు. నేనూ హమ్మయ్య అనుకుంటాను, అనుకోకుండా ఉండలేను. ఆ పూట వంటలో మాత్రం ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోస్తాను. ఎవరికని మొదట్లో మా కోడలు అడిగేది. ఇప్పుడు నేను మరిచిపోతే తనే పోస్తోంది.